మ్యాచ్ టైమ్ ఫిక్స్ చేసేది టీవీ.. తిప్పలు పడేది ఫ్యాన్! ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అసలేం జరుగుతోంది?

ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ మ్యాచ్ బోర్ కొడితే ఏం చేస్తాం? ఫోన్ పక్కన పెట్టి పడుకుంటాం. కానీ వందల కిలోమీటర్లు వెళ్లి స్టేడియంలో కూర్చున్న ఫ్యాన్‌కు ఆ ఛాన్స్ లేదు. మ్యాచ్ అయ్యాక ఇంటికెళ్లేందుకు రైలు కూడా ఉండకపోవచ్చు. ఎందుకంటే ఆ మ్యాచ్ ఏ రోజు, ఎన్ని గంటలకు అనేది ఎక్కువగా టీవీని బట్టే ఖరారవుతోంది. ఇంతకీ ఇది ఎలా నడుస్తుంది? ఎవరికి లాభం, ఎవరికి నష్టం? వివరంగా చూద్దాం.

శనివారం 3 గంటల లెక్క ఇదీ!

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ అంటే శనివారం మధ్యాహ్నం 3 గంటలే. 19వ శతాబ్దంలో ఫ్యాక్టరీ కార్మికులకు శనివారం మధ్యాహ్నం నుంచి సెలవు దొరకడంతో ఈ అలవాటు మొదలైంది. పని ముగించుకుని మ్యాచ్ చూసి, చీకటి పడేసరికి ఇల్లు చేరేవాళ్లు.

1960లలో మరో రూల్ వచ్చింది. టీవీలో పెద్ద మ్యాచ్ వస్తే చిన్న క్లబ్బుల స్టేడియాలు ఖాళీ అవుతాయని బర్న్‌లీ క్లబ్ ఛైర్మన్ బాబ్ లార్డ్ గట్టిగా వాదించారు. ఆ వాదన నెగ్గింది. ఇప్పటికీ సీజన్‌లో శనివారం 2:45 నుంచి 5:15 వరకు బ్రిటన్ టీవీల్లో ఫుట్‌బాల్ లైవ్ ఇవ్వరు.

విచిత్రం ఏంటంటే.. శనివారం 3 గంటల మ్యాచ్ హైదరాబాద్‌లో మన ఫోన్‌లో లైవ్ వస్తుంది. అదే మ్యాచ్ మాంచెస్టర్‌లో ఇంట్లో కూర్చున్నవాళ్ల టీవీలో రాదు!

టీవీలో రావాలంటే టైమ్ మారాల్సిందే

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. బ్రిటన్‌లో ఒక మ్యాచ్‌ను లైవ్ ఇవ్వాలంటే దాన్ని 3 గంటల స్లాట్ నుంచి బయటకు తీయాలి. అందుకే శనివారం మధ్యాహ్నం 12:30, సాయంత్రం 5:30, రాత్రి 8, ఆదివారం, సోమవారం రాత్రి.. ఇలా మ్యాచ్‌లు వీకెండ్ అంతా చెదిరిపోయాయి.

ప్రీమియర్ లీగ్ 1992లో స్కై టీవీ డబ్బుతో మొదలైంది. 2025-26 సీజన్ నుంచి నాలుగేళ్లకు స్కై, టీఎన్‌టీ స్పోర్ట్స్ ఇచ్చే లైవ్ హక్కుల డీల్ విలువ 670 కోట్ల పౌండ్లు. సీజన్‌లో మొత్తం 380 మ్యాచ్‌లు ఉంటే.. ఈ డీల్ కింద కనీసం 267 లైవ్‌గా వస్తాయి. అంటే పదిలో ఏడు మ్యాచ్‌లు!

అన్ని మార్పులకూ టీవీనే కారణం కాదు. యూరప్ కప్పుల వల్ల, పోలీసుల సూచనల వల్ల కూడా కొన్ని మారతాయి. కానీ ఎక్కువ మార్పులు మాత్రం టీవీ కోసమే.

టైమ్ మారితే ఫ్యాన్‌కు ఏమవుతుంది?

సీజన్ షెడ్యూల్ జూన్‌లోనే వచ్చేస్తుంది. కానీ అందులో ఉన్న తేదీ, టైమ్ పక్కా కాదు. టీవీ ఛానళ్లు మ్యాచ్‌లను ఎంచుకున్నాకే అసలు టైమ్ తెలుస్తుంది. చాలాసార్లు అది మ్యాచ్‌కు కొన్ని వారాల ముందే బయటకొస్తుంది.

* బ్రిటన్‌లో ముందే కొంటే చౌకగా దొరికే రైలు టికెట్లకు సాధారణంగా రీఫండ్ ఉండదు. అందుకే తేదీ తేలేదాకా ఆగాలి, ఆగితే రేటు పెరుగుతుంది.
* లండన్‌లో శనివారం రాత్రి 8 గంటల మ్యాచ్ అయ్యేసరికి దాదాపు 10. ఆ టైమ్‌కు న్యూకాసిల్ వెళ్లే ఆఖరి రైలు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. ఇక హోటల్ ఖర్చు, లేదంటే రాత్రంతా బస్సులోనే.
* న్యూకాసిల్ నుంచి బోర్న్‌మత్‌కు సుమారు 560 కిలోమీటర్లు. దాదాపు హైదరాబాద్ నుంచి తిరుపతి అంత దూరం. సోమవారం రాత్రి మ్యాచ్ పెడితే ఉద్యోగికి రెండు రోజుల సెలవు పోయినట్టే. స్కూల్‌కెళ్లే పిల్లల సంగతి చెప్పక్కర్లేదు.

బయటి ఊరి నుంచి వచ్చే ఫ్యాన్స్‌కు 2016-17 నుంచి టికెట్ ధర 30 పౌండ్లు దాటకూడదని ప్రీమియర్ లీగ్ క్లబ్బులు ఒప్పుకున్నాయి. మంచి విషయమే. కానీ టికెట్‌లో మిగిలింది ప్రయాణంలో పోతే లాభమేంటి?

క్రిస్మస్ ముందు రోజు మ్యాచ్!

2023లో వోల్వ్స్-చెల్సీ మ్యాచ్‌ను టీవీ కోసం డిసెంబర్ 24కు మార్చారు. ప్రీమియర్ లీగ్‌లో 1995 తర్వాత క్రిస్మస్ ముందు రోజు మ్యాచ్ జరగడం అదే తొలిసారి. మన దగ్గర సంక్రాంతికి ముందు భోగి రోజు ఇంటిల్లిపాదిని వదిలి వేరే ఊరికి మ్యాచ్‌కు వెళ్లమంటే ఎలా ఉంటుంది? ఇదీ అంతే. ఫ్యాన్స్ సంఘాలు వద్దని గట్టిగా చెప్పినా మ్యాచ్ మాత్రం ఆగలేదు.

ఇందులో మన వాటా కూడా ఉందా?

ఉంది! ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం 12:30 అంటే చలికాలంలో మనకు సాయంత్రం 6 గంటలు. ఆసియాకు అదే ప్రైమ్ టైమ్. స్పెయిన్‌లో 2017 డిసెంబర్ 23న రియల్ మాడ్రిడ్-బార్సిలోనా మ్యాచ్‌ను అక్కడి టైమ్ మధ్యాహ్నం 1 గంటకే పెట్టారు. మనకు సాయంత్రం 5:30 అన్నమాట. ఆసియా ప్రేక్షకులను దృష్టిలో పెట్టుకునే ఆ టైమ్. మన సాయంత్రం కోసం అక్కడివాళ్లు తెల్లవారుజామునే బయలుదేరాల్సి వస్తోంది.

జర్మనీలో ఫ్యాన్స్ గెలిచారు

మరి దీన్ని ఆపలేమా? జర్మనీలో ఆపారు. 2017-18లో బుండెస్‌లిగా సీజన్‌కు ఐదు సోమవారం మ్యాచ్‌లు పెట్టింది. 2018 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫ్యాన్స్ గ్రౌండ్‌లోకి టెన్నిస్ బంతులు విసిరి నిరసన తెలిపారు. వారం తర్వాత డార్ట్‌మండ్‌లో ఫ్యాన్స్ ఏకంగా స్టేడియానికే రాలేదు. 80 వేలకు పైగా పట్టే ఆ స్టేడియంలో ఆ రాత్రి వచ్చింది దాదాపు 54 వేల మందే. అదే ఏడాది నవంబర్‌లో లీగ్ వెనక్కి తగ్గింది. 2021-22 నుంచి సోమవారం మ్యాచ్‌లు తీసేసింది. అక్కడ చాలా క్లబ్బుల్లో సగానికి మించి ఓట్లు సభ్యుల చేతుల్లోనే ఉంటాయి. అందుకే ఆ మాటకు అంత బరువు.

టీవీ తప్పేనా?

పూర్తిగా కాదు. టికెట్ కొనలేనివాళ్లు, వృద్ధులు, మనలాంటి దూరదేశాల అభిమానులు ఆట చూస్తున్నారంటే టీవీ వల్లే. స్టార్ ప్లేయర్లు వస్తున్నదీ ఆ డబ్బుతోనే.

కానీ 2020 గుర్తుందా? కరోనా టైమ్‌లో ఖాళీ స్టేడియాల్లో మ్యాచ్‌లు జరిగితే, టీవీలో జనం అరుపులను రికార్డు చేసిన సౌండ్‌తో నింపారు. స్టేడియంలో జనం లేకపోతే టీవీ షో కూడా చప్పగానే ఉంటుందని అప్పుడే తేలిపోయింది.

ఫ్యాన్స్ అడుగుతున్నది కూడా పెద్ద కోరికేం కాదు. టైమ్ ముందుగా చెప్పండి, మ్యాచ్ అయ్యాక ఇంటికెళ్లే రైలు ఉందో లేదో చూసి టైమ్ పెట్టండి.. అంతే. ఈసారి అర్ధరాత్రి దాటాక 1:30కు ఫోన్‌లో మ్యాచ్ చూస్తున్నప్పుడు స్టాండ్‌లో ఓ మూల గొంతు చించుకుంటున్న అవే ఫ్యాన్స్‌ను ఒకసారి గమనించండి. మ్యాచ్ అవ్వగానే మనం పడుకుంటాం. వాళ్ల ప్రయాణం అప్పుడే మొదలవుతుంది.