రేవుప్రక్క ఆలయము

కొచ్చిలోని మట్టాంచేరికి వెళ్లిన యాత్రికులు అక్కడి పరదేశి యూదుల ప్రార్థనాలయమును చూడక తిరిగి రారు. దానికి అనతిదూరమున మరియొక యూదాలయము ఉండేదని ఎరిగినవారు అరుదు. దాని పేరు కడవుంభాగము. మలయాళములో ‘కడవు’ అనగా రేవు. ఆ రేవుప్రక్క ఆలయమును గురించి నేడు ముచ్చటించుకొందాము.

కేరళ యూదుల తొలి నివాసములలో కొడుంగల్లూరు ప్రసిద్ధమైనది. క్రీ. శ. 1000 ప్రాంతమున చేరరాజు భాస్కర రవివర్మ, జోసెఫ్ రబ్బాన్ అనే యూదు ప్రముఖునికి పగటి దీపము, గొడుగు మొదలైన 72 మర్యాదలను రాగిరేకులపై వ్రాయించి ఇచ్చినాడు. కాలక్రమమున కొచ్చికి చేరిన యూదులకు అక్కడి రాజులును ఆశ్రయమిచ్చినారు. 1662లో పరదేశి యూదుల ఆలయమును పాడుచేసినవారు పోర్చుగీసువారే గాని ఇరుగుపొరుగువారు కారు.

కడవుంభాగము మలబారు యూదులది. 16వ శతాబ్దిలో వెలసినది. టేకు కప్పుపై పద్మములు చెక్కినారు. కేరళ యూదాలయములకు ఒక విశేషమున్నది. ధర్మగ్రంథ పఠనమునకు క్రింద ఒక వేదిక, మేడపైన స్త్రీల గదిముందు మరియొక వేదిక ఉంటాయి. ఆ స్త్రీలు మలయాళములో పాటలు కట్టి పాడేవారు. నోటుపుస్తకములలో వ్రాసి కూతుళ్లకు అందించేవారు. వానిలో ఆలయముల నిర్మాణగాథలు కూడా ఉన్నవి.

1948లో ఇజ్రాయేలు రాజ్యమేర్పడినది. తరతరాలుగా ప్రార్థనలో తలచిన భూమికి వారు తరలినారు. ఎవరో తరిమినందున కాదు. 1955 నాటికి కడవుంభాగపు సమాజము దాదాపుగా వెళ్లిపోయినది. సామూహిక ప్రార్థనకు పదిమంది పురుషులుండవలెనని యూదుల నియమము. ఆ పదిమందియు లేని ఆలయము, దీపము పెట్టే దిక్కులేని గుడివలె, క్రమముగా సరకుల కొట్టయినది.

1991లో దాని లోపలి చెక్కడపు పనిని జెరూసలేములోని ఇజ్రాయేలు మ్యూజియము కొరకు కొన్నారు. అచ్చట కొయ్యపై పేరుకొన్న రంగులపొరలను తొలగించి, 1995లో ప్రదర్శనకు పెట్టినారు. మట్టాంచేరిలో మిగిలిన కట్టడము మాత్రము 2019 వర్షములకు చాలవరకు కూలిపోయినది.

నేడు పద్మముల కప్పు జెరూసలేములో ఉన్నది. గోడల శిథిలములు మట్టాంచేరిలో ఉన్నవి. యూదులకు వేయేండ్లు నీడనిచ్చిన దేశము మనదని మేమును గర్వించేవారమే. కాని వారు వెళ్లునపుడు మనకు విడిచిన ఇంటికి డెబ్బది ఏండ్లయినను కాపు కాయలేకపోయినాము. రాగిరేకులమీది మర్యాదను తలచునపుడెల్ల ఈ లోపమును కూడ తలచుట న్యాయము.