అక్క ఒడిలో ఖర్జూరం, ముసలామె రొట్టెలో యాలకులు

కువైట్‌లో కంపెనీ పనికిచ్చే వీసా పద్దెనిమిదికీ ఇంటిపనికిచ్చే ఇరవైకీ తేడా ఏమిటో మా రాయికల్‌లో పదో తరగతి తప్పిన పిల్లాడికి కూడా తెలుసు. అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, అయిపోతే ఏమవుతుంది, కఫీలు, అంటే పనికి పెట్టుకున్న యజమాని, పాస్‌పోర్టు అట్టిపెట్టుకుంటే ఎవరి దగ్గరికి పోవాలి, ఏ నెలలో క్షమాభిక్ష పెడతారు, ఇవన్నీ హోటల్ ముందర చాయ్ తాగుతూ మాట్లాడుకునే సంగతులే. ఆ దేశానికి ఒక చరిత్ర ఉందన్నది మాత్రం మాలో ఎవరికీ పట్టలేదు. చమురు పడకముందు అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదని అందరి లెక్క. 1997లో నేను విమానం ఎక్కింది కూడా ఆ లెక్కతోనే.

మాది గోదావరికి ఇవతలి ఒడ్డు, పాత కరీంనగర్ జిల్లా. అక్కను ఇచ్చింది అవతలి ఒడ్డున ఖానాపూర్‌కు, పాత ఆదిలాబాద్ జిల్లా. 2016లో జిల్లాలు చీల్చాక మేము జగిత్యాల, వాళ్లు నిర్మల్ అయ్యారు. పెళ్లికి ముందు అక్క చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసేది. ఆ ఆకు ఖానాపూర్, కడెం అడవుల నుంచి వచ్చే తునికాకు. పెళ్లయ్యాక ఆ అడవి పక్కకే పోయింది, చాట మాత్రం వదల్లేదు. నా వీసాకు ఏజెంటుకు కట్టిన పైసల్లో సగం ఆ చాటలోంచి వచ్చినవే. ఆ మాట అక్క ఎప్పుడూ అనదు. బావ ఏడాదికోసారి అంటాడు.

కువైట్‌లో నాకు దొరికిన మొదటి పని ఒక ఇంట్లో వంట. ఆ ఇంటి పెద్దావిడను పనివాళ్లమంతా మామా కబీరా అని పిలిచేవాళ్లం. ఇంట్లో శుభకార్యం వస్తే అందరికీ హోటల్ నుంచి క్రీము కేకులు వచ్చేవి. ఆమెకు మాత్రం గిర్స్ ఉగైలి కావాలి. అది గుండ్రటి పసుప్పచ్చని రొట్టె. కేకు అనండి, తప్పు లేదు. గుడ్లు, చక్కెర, గోధుమ పిండి, కుంకుమపువ్వు, యాలకుల పొడి, అడుగునా పైనా నువ్వులు. వెన్న ఉండదు, పైన పూత ఉండదు. పాత పద్ధతిలో సోడా కూడా వేయరు. పొంగేదంతా గుడ్ల నురగతోనే. గుడ్లూ చక్కెరా కలిపి గిలక్కొడుతూ పోతే పసుపు రంగు తగ్గి, తెల్లబడి, గిన్నె అంచు దాకా లేవాలి. అప్పుడు పిండిని చేత్తో జల్లి, నురగ చావకుండా కింది నుంచి పైకి తిప్పాలి. యాలకులు మాత్రం దండిగా పడాలి. మనం పాయసంలో వేసే లెక్క అక్కడ పనికిరాదు.

ఆమె చిన్నతనంలో ఇది వాళ్లన్న కోసం చేసేవారట. ఆయన పడవ హిందూ దేశం నుంచి తిరిగొచ్చిందని రేవు నుంచి కబురందగానే తల్లి గుడ్లు దించేది, కొట్టే పని ఈమెది. యాలకులు కిందటి ఏడు ఆయన కాలికట్ నుంచి తెచ్చినవే.

కువైట్ చరిత్ర నాకు అక్కడ మొదలైంది. ఆ ఊళ్లో పడవకు పనికొచ్చే చెట్టు లేదు, అయినా అరబ్బు సముద్రం మీద పేరున్న పడవలు అక్కడే కట్టేవారు. టేకు దూలాలు మలబారు నుంచి, కొబ్బరి తాళ్లు అక్కడి నుంచే. తాగే నీళ్లు కూడా ఊరివి కావు. ఉత్తరాన షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చి తోలుసంచుల్లో అమ్మేవారు. సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే పెద్ద ప్లాంటు 1953లో గానీ రాలేదు. అలాంటి ఊరు బతికింది రెండు పనుల మీద. ఎండాకాలం నాలుగు నెలలు ముత్యాల వేట. చలికాలం గాలి మళ్లగానే బస్రా వైపు ఖర్జూరం నింపుకుని కరాచీ, బొంబాయి, మంగళూరు, కాలికట్. తిరుగు ప్రయాణంలో బియ్యం, బట్టలు, టేకు, మసాలా దినుసులు. బొంబాయిలో కువైట్ వర్తకుల ఇళ్లూ కొట్లూ ఉండేవి. 1938, 39లో అలన్ విలియర్స్ అనే ఆస్ట్రేలియా నావికుడు ఒక కువైట్ పడవలో నెలల తరబడి తిరిగి, ఆ బతుకంతా ‘సన్స్ ఆఫ్ సింద్‌బాద్’ అనే పుస్తకంగా రాశాడు. గల్ఫ్ పోయేవాళ్లకు ఏజెంట్లు ఇచ్చే కాగితాల కట్టలో ఆ పుస్తకం కూడా ఉండాలని నా కోరిక. ఎవరూ ఇవ్వరు లెండి.

మనకు మరీ ఆశ్చర్యంగా ఉండేది పైసల సంగతి. 1961 దాకా కువైట్‌లో చెల్లింది మన రూపాయే. 1915లో తెరిచిన తపాలా కార్యాలయం ఇండియాది, 1923 నుంచి అక్కడ అమ్మిన బిళ్లలు మన బిళ్లలే, మీద కువైట్ అని ముద్ర గుద్దినవి. అప్పట్లో అక్కడి బ్రిటిషు అధికారి జవాబు చెప్పుకునేది లండనుకు కాదు, ముందు మన దేశంలోని సర్కారుకు. 1903 నవంబరులో వైస్రాయి కర్జను ఓడ దిగి మరీ అక్కడి షేకును చూసి వచ్చాడు. తర్వాత, 1959లో, బంగారం దొంగరవాణాకు మన రూపాయలు తరలిపోతున్నాయని ఢిల్లీ గల్ఫు కోసమే వేరే రంగు నోట్లు అచ్చు వేయించింది. రెండేళ్లకు కువైట్ తన దినారు తెచ్చుకుంది. ఇవాళ దినారు ముందు రూపాయిని నిలబెట్టి నవ్వుకునే మనవాళ్లు ఈ ముక్క తెలుసుకుంటే బాగుంటుంది.

కర్జను చూసి వచ్చిన ఆ షేకు పేరు ముబారక్. ఆయన గద్దెనెక్కిన తీరు మగవాళ్లు కూడే దీవానియాల్లో గొంతు తగ్గించి చెప్పుకునే కథ. 1896 మే నెలలో ఒక రాత్రి తన అన్నదమ్ములిద్దర్ని, ముహమ్మద్‌నూ జర్రాహ్‌నూ చంపించి పాలన చేతిలోకి తీసుకున్నాడు. మూడేళ్లకు, 1899లో, బ్రిటిషు వాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. వాళ్లకు చెప్పకుండా తన నేల ఎవరికీ ఇవ్వనన్నాడు, వాళ్లు ఆయన్ను కాపాడతామన్నారు. ఆధునిక కువైట్ పునాది అదే. ఆ పునాది కింద తోబుట్టువుల నెత్తురుంది. ఆ తర్వాత గద్దె ఆయన ఇద్దరు కొడుకులు జాబర్, సాలిం వంశాల మధ్యే తిరిగింది. మా కాలంలో చూసిన అమీర్లు జాబర్, సబా, నవాఫ్, మిషాల్ నలుగురూ ఒక తండ్రి బిడ్డలు. మధ్యలో 2006 జనవరిలో కొద్ది రోజులు మాత్రం సాలిం వంశం ఆయన. అన్న తర్వాత తమ్ముడు, ఆ తమ్ముడి తర్వాత తమ్ముడు, నెత్తురు చిందకుండా. ముబారక్ మనవళ్ల పిల్లలకు ఇది సాధ్యమైందంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ముత్యాల వేట గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అక్కడ నాకు మా ఊరు కనబడింది. మునిగేవాడికి సీజను మొదట్లోనే ఇంటి ఖర్చుకు బయానా ఇచ్చేవారు. సీజను ముగిశాక లెక్క చూస్తే వాటా ఎప్పుడూ అప్పు కంటే తక్కువే. మళ్లీ ఏడు అదే నౌకాధిపతి దగ్గర మునగాల్సిందే. మునిగేవాడు చచ్చిపోతే అప్పు కొడుకుల మీదికి దిగేది. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి, నడుముకు తాడు. పైన తాడు పట్టుకున్నవాడు సైగ అందుకుని లాగకపోతే అంతే. వీసా అప్పు తీరేదాకా కఫీలు మార్చలేని మనవాడికి ఇందులో ఏ ముక్కా కొత్తగా ఉండదు. మా ఊళ్లో ఆ తాడు పైకొస ఎక్కువగా అక్కచెల్లెళ్ల చేతిలో ఉండేది.

ఆ ముత్యాలు అమ్ముడుపోయేది బొంబాయిలో. బొంబాయి నుంచి నైజాముకు. హైదరాబాదు ముత్యాల బజారులో ఇప్పటికీ బస్రా ముత్యమంటే ధర వేరు. అప్పట్లో కొలువు వెతుక్కుంటూ వచ్చింది అరబ్బులే. యెమెన్ వైపు హద్రమౌత్ నుంచి నైజాం సైన్యంలో చేరినవాళ్ల మనవళ్లు హైదరాబాదు బార్కస్‌లో ఇప్పటికీ ఉన్నారు. ఎవరు ఎవరి ఇంటికి పనికి పోతారన్నది నూరేళ్లలో తిరగబడింది, అంతే.

తిరగబడటం ఇలా జరిగింది. జపాను మికిమోటో పెంపుడు ముత్యాలు, 1929 నాటి మాంద్యం కలిసి వేటను చంపేశాయి. 1938 ఫిబ్రవరిలో కువైట్ బుర్గాన్‌లో చమురు పడింది. రెండో ప్రపంచ యుద్ధం అడ్డొచ్చి, చమురుతో మొదటి ఓడ బయల్దేరింది 1946 జూన్‌లో. 1961లో స్వాతంత్ర్యం. అక్కడ పైసలు పెరుగుతున్న రోజుల్లోనే మా వైపు కరువులు, దొరలు. 1978లో ఆ దొరల మీద రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర. ఆ ఏడే సర్కారు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలంది. ఇంట్లో వయసొచ్చిన మగపిల్లాడుంటే అటు నక్సలైట్ అన్నలకూ ఇటు పోలీసులకూ కాకుండా దుబాయికో కువైట్‌కో పంపితే నయమనుకున్న తల్లులున్నారు. మా అన్న అట్లా పోయినవాడే.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు అన్న కువైట్‌లో ఉన్నాడు. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు, అక్కడ ఎడారిలో గుడారాలు, అమ్మాన్ నుంచి విమానం. ఎయిరిండియా రెండు నెలల్లో దాదాపు 1,70,000 మందిని అలా చేర్చింది. దాన్ని హిందీలో సినిమాగా తీశారు, అన్న చూడనన్నాడు. ఇల్లు చేరేటప్పటికి ఆయన చేతిలో ఒక సంచీ ఉంది. తర్వాత ఐక్యరాజ్యసమితి ఇరాక్ చమురు పైసలోంచి నష్టపరిహారం ఇప్పించింది. ప్రాణాలరచేత పట్టుకుని వెళ్లిపోయిన ఒంటరి మనిషికి 4,000 డాలర్ల దాకా. అవి తొంభైల రెండో సగంలో గానీ చేతికి రాలేదు. ఆ పైసల్తో అన్న ముందు అక్క ఇంటికి రేకులు తీయించి స్లాబు వేయించాడు, తర్వాతే తన అప్పు చూసుకున్నాడు.

ఇక ఒడిబియ్యం. ఏడాది విడిచి ఏడాదో, మూడో ఏడో, ఐదో ఏడో పుట్టింటివాళ్లు ఆడబిడ్డను పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒళ్లో పోయడం మాకు పెళ్లంత పండగ. బియ్యంతో పాటు ఎండుకొబ్బరి కుడకలు, పసుపు కొమ్ములు, పోకలు, రవిక బట్ట, ఎండు ఖర్జూరాలు. ఖర్జూరం చెట్టు మా వైపు అలాంటి పండు కాయదు. మరి ఆ ఖర్జూరం మా ఆచారంలోకి ఎక్కడి నుంచి వచ్చి పడిందో ఆలోచిస్తే మామా కబీరా వాళ్లన్న పడవే కళ్లముందుకొచ్చింది. అక్క ఒళ్లో పడినవి బస్రావేనని పట్టుబట్టను. ఎండువి మస్కట్ నుంచీ సింధు నుంచీ కూడా వచ్చేవి. దారి మాత్రం అదే సముద్రం. వాళ్ల పండగ రొట్టెలో మన యాలకులు పడటం కూడా ఆ దారి చలవే.

అందుకే కిందటి సెలవులో అక్క ఒడిబియ్యానికి గిర్స్ ఉగైలి చేద్దామన్నాను. ఇంట్లో ఓవెన్ లేదు. కరీంనగర్‌లో బేకరీవాళ్లను అడిగి చేయించుకు రావచ్చు, అప్పుడు అది బేకరీ కేకే అవుతుంది. ముందు రోజు వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి పెట్టి, పెద్ద గంజులో గోదారి ఇసుక పోసి కాచాం. దానిలో నువ్వులు చల్లిన గిన్నె, మీద మూత, మూత మీద నిప్పులు. మంట అన్న చూసుకున్నాడు. గుడ్లు కొట్టడం అక్క పని. కవ్వం ఇస్తే నవ్వి, రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన చేతులివి అని మొదలుపెట్టి, నేను చాలనేదాకా ఆపలేదు. గుడ్లు పడ్డాయి కాబట్టి దేవుడి దగ్గర పెట్టేది లేదని వదినె ముందే తేల్చేసింది. మంచి మాటే.

ఇసుక కాగుతుండగా నేను పైన రాసిందంతా వాళ్లకు చెప్పుకుంటూ పోయాను. అన్న చాలాసేపు విన్నాడు. “వాళ్ల తాతలు సముద్రంల మునిగిండ్రని నా జీతమేమన్న పెంచిండ్రా?” అన్నాడు. పెంచలేదు. అప్పుల్లో మునిగినవాళ్ల మనవళ్లే ఇవాళ కఫీళ్లు. కష్టం తెలిసిన ఇంట్లో కనికరం ఉండితీరాలన్న రూలు లేదు, మన దొరల ఇళ్లలో మాత్రం ఏముంది? ఆ దేశం అన్నకు పౌరసత్వం ఇవ్వదు, నాకూ ఇవ్వదు. దాన్ని నేనే దగ్గరికి తీసుకున్నాను, అదేం నన్ను తీసుకోలేదు. అయినా ఎవరి వంటగదిలో ఇన్నేళ్లు నిలబడ్డానో తెలుసుకునే నిలబడాలని నాకుంటుంది. అన్నకు ఆ అక్కర లేదు. ఇద్దరం ఒప్పుకోలేదు, మంట మాత్రం సరిగ్గానే చూశాడు.

రొట్టె అడుగున కాస్త ముదిరినా నువ్వుల వాసన బాగా వచ్చింది. మరుసటి రోజు ఒడిబియ్యం అయ్యాక ముక్కలు కోసి చాయ్‌తో పంచాం. పన్నెండు గుడ్లకు ఇంతే రొట్టా అని బావ లెక్క తీశాడు. అక్క ఒక ముక్క నోట్లో వేసుకుని, “ఆ ముసలామె అన్న ఏమైండు తమ్మీ? పడవల మీదనే ఉండెనా?” అంది.

“లేదక్కా. చమురు పడ్డంక సముద్రం ఇడిశిపెట్టి, అహ్మదీల చమురు కంపెనీ డ్రైవరు పనికి కుదిరిండట.”

“మనోని లెక్కనే అన్నట్టు,” అన్నాడు అన్న. “జీతమెంతనట?”

“గది చెప్పలే. గని అప్పట్ల మన రూపాయలల్లనే ఇచ్చెటోళ్లు.”