మిస్సిసిపీ పొగయోడ నమూనా

పూర్వకాలపు నదీయానపు పొగయోడ నొకదానిని మూడు నాలుగడుగుల నమూనాగా నిర్మింప బూనినవానికి కొయ్యయు, ఇత్తడి తీగెయు, బంకయు సంపాదించుట యంత కష్టము కాదు. కష్టమైనది వేఱొకటి కలదు. ఆ యోడ నిజముగా నెట్లుండెనో యెవరి నడుగవలెను? సముద్రమున సంచరించిన యుద్ధనౌకల విషయమున నీ చిక్కు తక్కువ. ఆంగ్లేయ నౌకాశాఖవారు తమ యోడల పటములను భద్రపఱచిరి. అవి గ్రీనిచ్చిలోని జాతీయ నౌకా ప్రదర్శనశాలకు జేరినవి. అమెరికా పశ్చిమ నదులలో దిరిగిన పొగయోడల కట్టి భాగ్యము పట్టలేదు. వానిని గట్టిన వడ్రంగులలో పెక్కుమంది పూర్ణమైన పటములు వ్రాసికొనక, వెనుకటి యోడను జూచి, కంటి నేర్పుతోడను చేతి నేర్పుతోడను క్రొత్తదానిని గట్టిరి. ఓడలతోపాటు వారి విద్యయు మునిగిపోయెను. దానిని మఱల వెలికిదీయుటయే నమూనాకారుని యసలు పని. ఆ పని చేయుచు నతడు తనకు దెలియకయే చరిత్రకారు డగుచున్నాడు.

1807లో రాబర్టు ఫుల్టను, ఇంగ్లండులోని బౌల్టను-వాట్టు కర్మాగారమునుండి తెప్పించిన యావిరియంత్రముతో హడ్సను నదిపై న్యూయార్కు మొదలు ఆల్బనీ వఱకు సుమారు 150 మైళ్లు 32 గంటలలో ప్రయాణము చేసెను. 1811లో పిట్సుబర్గునుండి బయలుదేరిన 'న్యూ ఆర్లియన్సు' అను నోడ మఱుసటి జనవరిలో ఆ పేరుగల పట్టణమును జేరి పశ్చిమ నదులయందు పొగయోడల కాలమునకు నాంది పలికెను. ఆ నదులు పెక్కు తావుల లోతులేనివి. అడుగున ఇసుక మేటలు, కూలిన చెట్ల మ్రోడులు. కావున నచ్చటి వడ్రంగులు సముద్రపుటోడకుండు లోతైన పొట్టను విడిచి, పళ్లెమువలె చదునైన యడుగును గట్టిరి. బాయిలర్లను యంత్రములను పొట్టలో గాక దానిపై నున్న మొదటి యంతస్తుననే నిలిపిరి. పొడవును సన్నదనమును గల యా దేహము కొనలయందు వాలిపోకుండుటకై అణియము మొదలు అమరము వఱకు కంబములమీదుగా ఇనుప కడ్డీలను లాగి బిగించిరి. వానికి 'హాగ్ గొలుసు'లని పేరు. పేరునకే గొలుసులు, నిజమునకు కడ్డీలు. అట్లే 'బాయిలరు డెక్కు' అను పేరు బాయిలర్లున్న యంతస్తునకు గాక దాని పై యంతస్తునకు చెల్లుచుండెను. పేళ్లను నమ్మి పని మొదలుపెట్టినవాడు మొదటి దినముననే దారి తప్పును.

అట్లయిన నాధారముల నెచ్చట వెదకవలెను? 1848 సెప్టెంబరులో ఫాంటేను, పోర్టరు అను నిరువురు ఛాయాచిత్రకారులు సిన్సినాటి నగరపు ఓహాయో నదీతీరమును ఎనిమిది వెండిపూత ఱేకులమీద చిత్రించిరి. రేవున బారులు తీర్చిన పొగయోడలు, వాని జంట పొగగొట్టములు, కటకటాలు అందు స్పష్టముగా గానవచ్చును. ఇటీవల సూక్ష్మదర్శినితో పరిశీలింపగా, మామూలు కంటికి చుక్కవలె నున్న గడియారములో వేళను సైతము చదువ వీలయ్యెను. చిత్రకారుడు తన యూహను జేర్చి గీసిన రంగుపటములకంటె నిట్టి ఱేకు నమూనాకారునకు నూఱురెట్లు విలువగలది.

రెండవ యాధారము దుర్దశలోనుండి పుట్టినది. అమెరికాలో నిరుద్యోగము ప్రబలియున్న 1936లో అచ్చటి ప్రభుత్వమువారు పనిలేని నౌకాశిల్పులకును పటకారులకును జీవనము గల్పించుటకై పాత వాణిజ్యనౌకలను కొలిపించి పటములు వ్రాయించిరి. ఆ పటములు స్మిత్‌సోనియను సంస్థకు జేరి, నేటికిని నమూనాకారుల కుపకరించుచున్నవి. ఆకలిగొన్నవానికి కూడు పెట్టుచునే జాతికి జ్ఞానమును గూర్చిన యీ యేర్పాటు ఏ ప్రభుత్వమునకైనను అనుసరణీయము. తరువాత 1968లో ఆలన్ బేట్సు అను నాతడు పశ్చిమ నదుల పొగయోడల యంగాంగములను వివరించి, నమూనాకారులను దృష్టియందుంచుకొనియే యొక చిన్న విజ్ఞానసర్వస్వమును ప్రకటించెను.

మూడవ యాధారము నేల క్రిందనుండి లభించెను. 1853లో పెన్సిల్వేనియా రాష్ట్రమున గట్టబడిన 'అరేబియా' అను 171 అడుగుల పొడవు గల పక్కచక్రముల యోడ, 1856 సెప్టెంబరు 5వ తేదీని మిస్సోరీ నదిలో మునిగియున్న చెట్టు మ్రోడు తగిలి మునిగెను. మనుష్యులందఱు బ్రదికి బయటపడిరి. కట్టివేయబడిన యొక కంచరగాడిద మాత్రము చచ్చెను. పిమ్మట నది త్రోవ మార్చుకొన్నందున ఓడ మునిగినచోటు కాన్సాసులో నొక రైతు పొలమయ్యెను. ఒక కుటుంబమువారును వారి మిత్రులును 1988-89 చలికాలమున సుమారు 45 అడుగుల లోతు త్రవ్వి, బాయిలర్లను, యంత్రమును, అమరపు భాగమును, సరకులను వెలికిదీసి, 1991లో కాన్సాసు సిటీయందు ప్రదర్శనశాలను తెఱచిరి. ఇట్లే 1865 ఏప్రిలు 1వ తేదీని ఒమాహాకు ఎగువను మునిగిన 'బెర్ట్రాండు' అను వెనుకచక్రపు టోడను 1968లో గనుగొనిరి. దాని యంత్రములను నాటివారే తీసికొనిపోయినను, దేహమును శాస్త్రజ్ఞులు కొలిచి పటములు వ్రాసిరి. ఒకటి యంత్రమును జూపగా రెండవది కొయ్యపనిని జూపినది. నూఱేండ్ల కెక్కువకాలము బురద దాచిన దానిని కాగితము దాచలేకపోయెను!

ఇక భాగముల సంగతి. నమూనాకారులు తఱచుగా అడుగునకు పావు అంగుళమను కొలతను గ్రహింతురు. అనగా నమూనా యసలులో 48వ వంతు. ఈ లెక్కను 'అరేబియా' మూడడుగుల ఆఱుముప్పాతిక అంగుళముల పొడవగును. దాని 28 అడుగుల చక్రము ఏడంగుళములకు దిగును. అయిదున్నర యడుగుల మనుష్యుడు అంగుళమున్నరకు లోపుగనే యుండును. అంగళ్లలో దొరకు నోడభాగములు పెక్కు తెరచాపల యోడలకై చేయబడినవి. నది యోడ కవి పనికిరావు. కావున పొగగొట్టములకు ఇత్తడి గొట్టము, హాగ్ గొలుసులకు నిటారైన తీగె, చక్రపు పలకలకు సన్నని కొయ్య బద్దలు తానే కోసికొనవలెను. వందలకొలది కటకటాల కంబములు చేయుటకు ఓర్పు కావలెను. లోహపు ఱేకును ఆమ్లముతో కొఱికించియు, ముద్రణ యంత్రముతో ఘనరూపములు పోసియు నేడు కొన్ని భాగములు చేయుచున్నారు. కాని కొలత తెలియనిచో నే యంత్రమును సాయపడజాలదు.

ఇంతవఱకు చెప్పినదంతయు కొయ్యను ఇనుమును గూర్చినది. అంతకంటె ముఖ్యమైన దొకటి మిగిలియున్నది. ప్రదర్శనశాలలలోని నమూనాలు తఱచుగా పై యంతస్తు సొగసునే చూపును: తెల్లని కటకటాలు, పూలచెక్కడములు, సరంగు నిలుచు గాజుగది. క్రింది యంతస్తు మాటయేమి? అచ్చట బాయిలర్లకు కట్టెలు వేయుచు వేడికి మాడినవారును, బస్తాలు మోసిన కళాసీలును, చౌక టిక్కెట్టు బీదలును సరకుల నడుమ నుండిరి. దక్షిణ రాష్ట్రములలో బానిసలను సరకువలె నమ్మకమునకు గొనిపోయినవియు నీ యోడలే. విలియం వెల్సు బ్రౌను అను బానిస యట్టి యోడలలో పనిచేసి, తోడి నీగ్రోలను వర్తకుడు న్యూ ఆర్లియన్సునకు దింపుట కన్నులార జూచి, 1834లో సిన్సినాటి రేవున పాఱిపోయి స్వతంత్రుడై, 1847లో తన కథను ప్రకటించెను.

బాయిలర్లు ప్రేలి జనులు చచ్చుట యట్టి యోడలలో సాధారణమయ్యెను. 1838లో నొక చట్టము, అది చాలక 1852లో మఱింత గట్టి చట్టము చేసిరి. ఐనను 1865 ఏప్రిలు 27వ తేదీని మెంఫిసు సమీపమున 'సుల్తానా' యను నోడ ప్రేలిపోయెను. 376 మందిని మోయుటకు అనుమతి గల యా యోడలో, చెఱనుండి విడుదలయై యిండ్లకు మఱలుచున్న సైనికులతో గూడ రెండువేలకు మించి జనులుండిరి. చిల్లిపడిన బాయిలరునకు తొందరలో మాసిక వేసి బయలుదేరిరి. వేయిన్నొకనూటికి మించి మరణించిరి. ధనాశ చట్టమును మ్రింగినప్పుడు జరుగునది యిదియే.

ఈ సంగతుల నెఱిగినవాడు క్రింది యంతస్తును ఖాళీగా విడువడు. అంగుళమున్నరకు లోపు మనుష్యుని చేతికి కట్టెమోపు నిచ్చి బాయిలరు ముందర నిలువబెట్టును. అప్పుడే యా నమూనా బొమ్మయగుట మాని చరిత్రమగును.

మన దేశమునను దీనికి సాటియగు ప్రయత్నము జరిగినది. గోదావరి యెగువభాగమున పొగయోడలు నడపవలెనని కాటను దొర కాలమున బహు ధనము వెచ్చించి, 1871లో ఆ పని విడిచిపెట్టిరి. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతముల వడ్రంగులు తరతరములుగా కొయ్య యోడలు గట్టిరి. అట్టి విద్య కాగితమున గాక చేతులయందే నివసించునది. ఆ చేతులు చల్లబడిన పిదప మన కే పొలము త్రవ్వినను అది దొరకునను నమ్మకము లేదు. ఇంట బాలుడో బాలికయో పడవ నమూనా చేయుదుననినచో, ఆటయని త్రోసివేయక, చేతికి కొలబద్ద నిచ్చి, పడవ గట్టు వృద్ధునియొద్దకు బంపుడు. అతడు చెప్పినది వ్రాసికొని రమ్మనుడు. కొయ్య కోయుట తరువాతి పని.