మన గోడు పేపర్ల ఎక్కాలంటే

1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రలో వేలమంది రైతుకూలీలు నడిచారు. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పేపర్లకు అప్పుడు గుంపే వార్త. ఒక్క మనిషి గోడు కాదు. 1989లో ‘ఈనాడు’ జిల్లా టాబ్లాయిడ్లు మొదలయ్యాక కోరుట్లలాంటి ఊళ్ల సంగతులకూ జాగా దొరికింది.

అయినా కొలత మారలేదు. సిరిసిల్లలో నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేస్తే పేరొచ్చింది. మరమగ్గాల కార్మికుల అప్పులు మాత్రం ఆత్మహత్యలతోనే పెద్ద వార్తలయ్యాయి. అయితే అబ్బురం, లేకుంటే చావు.

అందుకే ‘మా సంగతి పేపర్ల రాయిస్తవా?’ అని ఎవరన్నా అడిగితే, కూలెంత, అప్పెంత, ఎన్నటిసంది అని ముందు రాసుకుంటాను. మనిషి బతికుండగానే.