హాల్లో వడ్రంగం, పడగ్గదిలో లేతు

మావారు ఏ ఆదివారమో పాత ఫ్యాను విప్పి హాలంతా పరిచారంటే సాయంత్రం దాకా సణుగుతూనే ఉంటాను. కరొలైన్ హెర్షెల్ కథ చదివాక మాత్రం నా సణుగుడు చూసి నాకే సిగ్గేసింది.

కరొలైన్ జర్మనీలోని హానోవర్ పిల్ల. పదేళ్లప్పుడు విషజ్వరం వచ్చి, నాలుగడుగుల మూడంగుళాల దగ్గరే ఎదుగుదల ఆగిపోయింది. ఇక దీనికి పెళ్లేమిటి, ఇంటి చాకిరీ చేస్తూ పడి ఉంటుందిలే అనుకున్నారు. 1772లో అన్న విలియం ఆమెను ఇంగ్లండులోని బాత్ నగరానికి తీసుకుపోయాడు, పాట నేర్పిస్తానని. ఆయన అక్కడ చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. చెల్లెలి గొంతు బాగా కుదిరింది. 1778 నాటికి కచేరీల్లో ముఖ్య గాయని అయింది.

ఈలోగా అన్నగారికి నక్షత్రాల పిచ్చి పట్టుకుంది. పెద్ద టెలిస్కోపు కొనే స్తోమతు లేదు. సరే, ఇంట్లోనే తయారుచేద్దామన్నాడు. ఇంక చూడండి! ముందు హాల్లో వడ్రంగి గొట్టం బిగిస్తున్నాడు. పడగ్గదిలో ఇంకో అన్న అలెగ్జాండర్ లేతు పెట్టాడు. అప్పట్లో టెలిస్కోపు అద్దమంటే గాజు కాదు. రాగీ తగరమూ కరిగించి పోతపోసి, గంటల తరబడి మెరుగు పెట్టాలి. చెయ్యి తీస్తే అద్దం చెడుతుందని విలియం ఒకసారి 16 గంటలు చెయ్యి ఎత్తలేదు. కరొలైన్ పక్కన కూర్చుని ఇంత ఇంత తిండి నోట్లో పెట్టింది. అరేబియన్ నైట్స్ చదివి వినిపించింది.

అలా చేసిన 7 అడుగుల టెలిస్కోపుతోనే 1781 మార్చి 13న, పెరట్లో నిలబడి, ఆయన యురేనస్‌ని చూశాడు.

అయినా తృప్తి లేదు! ఆ ఆగస్టులో మూడడుగుల అద్దం పోస్తానన్నాడు. దాని అచ్చుకి గుర్రపు లద్దె రోట్లో దంచి, సన్నజల్లెడ పట్టాలి. ఆ పని ఎవరి మెడకు చుట్టుకుందో మీకు చెప్పక్కర్లేదుగా. ఇంటికొచ్చిన స్నేహితుడు కూడా జాలిపడి రోకలి అందుకున్నాడట. రెండోసారి పోత పోస్తుంటే కరిగిన లోహం కారి నేలమీద పడింది. బండలు పేలి కప్పుదాకా ఎగిరాయి. అందరూ తలుపులకేసి పరుగో పరుగు.

మరుసటేడు రాజుగారు విలియంకి ఏడాదికి 200 పౌన్ల జీతం ఇచ్చారు. ఆయన సంగీతం మానేశాడు. దాంతో ఈమె పాటా ఆగిపోయింది. అన్న లేని కచేరీలో పాడనని బర్మింగ్‌హామ్ పిలుపుని అంతకుముందే కాదనుకుంది కూడా. త్యాగమూర్తి అనేసి ఇక్కడ పేజీ తిప్పేస్తారు చాలామంది. నాకు మనసొప్పదు. నీకేం కావాలమ్మా అని ఆమెను ఒక్కరైనా అడిగారా?

1783 డిసెంబరు 31 రాత్రి మంచులో పరుగెత్తుతుంటే టెలిస్కోపు తాలూకు ఇనుప కొక్కెం తొడలో దిగింది. పైకి లాగితే రెండు ఔన్సుల కండ ఊడొచ్చింది. ఆ రాత్రి ఎలాగూ మబ్బు పట్టింది గనక అన్నయ్య పని చెడలేదని ఊరట చెందిందట, పిచ్చితల్లి!

కానీ తన చిన్న టెలిస్కోపుతో తనూ ఆకాశం గాలించింది. 1786 ఆగస్టు 1న ఒక తోకచుక్క దొరికింది. 1797 నాటికి మొత్తం ఎనిమిది. మధ్యలో 1787లో ఆమెకీ ఏడాదికి 50 పౌన్ల జీతం కుదిరింది. ఆ అక్టోబరులో మూడు నెలల జీతం, పన్నెండు పౌన్ల పది షిల్లింగులు, చేతికొచ్చింది. ముప్ఫయ్యేడేళ్ల వయసులో, తనిష్టం వచ్చినట్టు ఖర్చు పెట్టుకోగలిగిన మొదటి డబ్బు అదేనని రాసుకుంది.