మేల్కొని రమ్మన్నారు

మా చిన్నత్తకి ఫిట్స్ రాత్రిపూటే వచ్చేవి. వెంకటాచలంలో మా ఇల్లు స్టేషన్‌కి దగ్గర. గూడూరు వైపు పోయే గూడ్సుబండి చప్పుడుకి ఎవరం లేచేవాళ్ళం కాదు గానీ, ఆమె మంచం కిర్రుమంటే ఇల్లంతా లేచేది. మా అవ్వ తాళంచెవుల గుత్తి తెచ్చి ఆమె గుప్పిట్లో పెట్టేది. కాసేపటికి తగ్గేది. ఇనుముకి కాదు, చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి కాబట్టి. ఈ సంగతి నాకు ఇంజనీరింగ్ అయ్యాక గానీ తెలీలేదు.

1996లో ఆమెకి పెళ్ళి చేశారు. జబ్బు సంగతి అవతలి వాళ్ళకి చెప్పలేదు. అది తప్పే. కానీ ఆ భయానికి చట్టం కూడా ఒక కారణం. 1976లో హిందూ వివాహ చట్టాన్ని సవరించినప్పుడు, పదేపదే మూర్ఛ వచ్చేవాళ్ళు పెళ్ళికి తగరని రాశారు. అలాంటి పెళ్ళిని కోర్టులో రద్దు చేయించుకోవచ్చు. ఆ మాటని తీసేసింది 1999లో. ఆ మూడేళ్ళూ మా అత్త అత్తగారింట్లో నిద్రపోకుండా ఉండటానికి ప్రయత్నించింది. పడుకుంటే కదా వచ్చేది, పడుకోకపోతే రాదని ఆమె లెక్క.

ఆ లెక్క ఎక్కడ తప్పిందో తెలుసుకోడానికే నేను ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

మన వైద్యగ్రంథాల్లో దీని పేరు అపస్మారం. చరకుడు దీనికి ప్రత్యేకంగా అధ్యాయాలే కేటాయించాడు. స్మృతి తప్పిపోవడమని అర్థం. నటరాజు పాదం కింద నలిగేవాడి పేరూ అదే. ఊళ్ళల్లో కాకిసొమ్మ అంటారు. ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం 2020లో మా ఊరికి వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చినవి ఈ రెండు మాటలే. రెండూ రోగం కంటే రోగి మీదే ఎక్కువ పడతాయి.

1880ల్లో లండన్ డాక్టర్ విలియం గవర్స్ చేసిన పని చాలా మామూలుది. తన రోగులకి ఫిట్స్ ఏ వేళప్పుడు వస్తున్నాయో రాసుకున్నాడు. కొందరికి పగలే, కొందరికి నిద్రలోనే, మిగతావాళ్ళకి రెండు వేళలా. అంటే మా అత్తలాంటి వాళ్ళు అప్పుడూ ఉన్నారు. ఎందుకలా అని చూడ్డానికి పరికరం లేదు. అది 1924లో వచ్చింది. జర్మనీలో హాన్స్ బెర్గర్ తొలిసారి మనిషి మెదడులోని విద్యుత్తుని కాగితం మీద గీయించాడు. నమ్మకం కుదరక ప్రచురించడానికి అయిదేళ్ళు ఆగాడు. 1947లో అమెరికాలో ఫ్రెడరిక్, ఎర్నా గిబ్స్ దంపతులు, మెలకువలో కనబడని మూర్ఛ గుర్తులు నిద్రలో తీసిన ఈఈజీలో బయటపడతాయని చూపించారు.

ఆ విద్య మనవైపుకి మాంట్రియల్ మీదుగా వచ్చింది. అక్కడ వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర నేర్చుకున్న జేకబ్ చాందీ 1949లో వేలూరు సీఎంసీలో చేరి, 1952లో మూర్ఛకి ఆపరేషన్ చేశారు. నెల్లూరు వాళ్ళకి పెద్ద జబ్బంటే వేలూరో మద్రాసో. మనకి రైలు దూరంలోనే ఇదంతా ఉంది. తాళంచెవులు మాత్రం చేతికందే దూరంలో ఉన్నాయి.

పెన్‌ఫీల్డ్ సహచరుడు హెర్బర్ట్ జాస్పర్ 1958లో తల మీద ఎలక్ట్రోడ్లు ఎక్కడెక్కడ పెట్టాలో ఒక పద్ధతి స్థిరపరిచాడు. నెత్తి మీద 19 చోట్లు. వాటిని జంటలుగా చూస్తే 171. ఏ జంట కలిసి ఊగుతోంది, ఏది విడిగా ఉంది అని లెక్కేస్తే మెదడు ఒక నెట్‌వర్క్‌లా కనిపిస్తుంది. ఇది నాకు తెలిసిన భాష. ఇందులో మోసమూ నాకు తెలిసిందే. రెండు సర్వర్ల గ్రాఫులు ఒకేసారి లేచినంత మాత్రాన అవి మాట్లాడుకుంటున్నట్టు కాదు. పక్కపక్క ఎలక్ట్రోడ్లు రెండూ ఒకే చోటి విద్యుత్తుని పట్టుకుంటూ ఉండొచ్చు.

ఆ జాగ్రత్తతో చూసినా నిద్రకీ మెలకువకీ తేడా పెద్దదే. మెలకువలో మెదడు సంతలాంటిది, ఎవరి బేరం వాళ్ళది. గాఢనిద్రలో కోట్ల కణాలు ఒకే తాళానికి మెల్లగా ఊగుతాయి. మూర్ఛ కూడా అతిగా ఒక్కటైపోవడమే కాబట్టి, ఆ ఊపు దానికి దారి ఇస్తుంది. గుర్తులు ఎక్కువవుతాయి, దూరం పాకుతాయి. కలల నిద్రలో ఆ ఐకమత్యం చెదురుతుంది. గుర్తులు తగ్గి, పుట్టినచోటికి దగ్గరగా ఉండిపోతాయి. నిద్రంతా ఒకటి కాదు.

అయితే నిద్ర మానేస్తే? చాలామందిలో నిద్రలేమే మూర్ఛని రేపుతుంది. మా అత్త తన కాపలాతోనే దాన్ని పిలుచుకుంది.

చివరికి అత్తగారింట్లోనే వచ్చింది. మామయ్య గొడవ చెయ్యలేదు, మద్రాసు తీసుకెళ్ళాడు. ఆసుపత్రిలో పరీక్షకి ముందు రాత్రంతా మేల్కొని రమ్మన్నారట. అలసిన మెదడు అక్కడ నిద్రలోకి జారితే దాగి ఉన్నది బయటపడుతుందని. అప్పటికి మూడేళ్ళుగా అదే పని చేస్తున్న మనిషికి ఆ మాట చెప్పారు.

మాత్రలతో ఫిట్స్ ఆగాయి. మొన్న సంక్రాంతికి ఇదంతా ఆమెకి చెప్పాను. అంతా విని, "అయితే నేను పడుకోనుండొచ్చన్నమాట" అంది. నా దగ్గర జవాబు లేదు.