కిలోల్లోకి వచ్చిన బలం

విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా వీరఘట్టం వెళ్లే దారిలో గజపతినగరం తగులుతుంది. ఈ దారి రెండు కొసల్లోనూ కోడి రామ్మూర్తి నాయుడి పేరు వినిపిస్తుంది. 1880ల్లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సొంతంగా సర్కస్ నడిపి దేశమంతా తిరిగిన ఆయనను జనం కలియుగ భీముడన్నారు. గుండెల మీద ఏనుగును నిలుపుకున్నారనీ, ఒంటికి బిగించిన ఇనప గొలుసును ఊపిరి పట్టి తెంచారనీ, కదలబోయే కార్లను పట్టి ఆపారనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. కాబట్టి ఉత్తరాంధ్రకు బలాన్ని బార్‌బెల్ తెచ్చిందనడం సరికాదు. బలం ముందునుంచీ ఉంది. బార్‌బెల్ తెచ్చింది తూకాన్ని. నా దృష్టిలో ఈ ప్రాంతపు దేహబల చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మార్పు అదే. గొలుసు తెంచిన మనిషి బలం నిరుటికన్నా ఈ ఏడు ఎంత పెరిగిందో ఆ గొలుసు చెప్పదు. చూసినవాళ్ల ఆశ్చర్యమే దానికి కొలత. ఆశ్చర్యాన్ని రోజుకింత చొప్పున పెంచుకుంటూ పోయే సాధన ఉండదు.

పాతకాలపు వ్యాయామశాల అయిన తాలింఖానాలో మాత్రం లెక్క లేదా అని అడగవచ్చు. ఉంది. దండీలు ఇన్ని, బస్కీలు ఇన్ని అని గురువు చెప్పేవాడు, కుర్రాళ్లు నెలనెలా ఆ సంఖ్య పెంచేవారు. బలం కోసం ఎత్తే సంగిడి రాళ్లలోనూ చిన్నవీ పెద్దవీ ఉండేవి. అయితే ఆ లెక్క ఎన్నిసార్లన్నదాని మీద నడిచింది, ఎంత బరువన్నదాని మీద కాదు. వంద బస్కీలు తీసేవాడు అయిదు వందలకు చేరితే దమ్ము పెరుగుతుంది. మోసే బరువు మాత్రం మొదటిరోజుదే, అంటే తన ఒళ్లే. ఇక రాయి పెరగదు. ఒక రాయి సులువైపోయి, దాని పైది లేవకపోతే, ఆ రెంటి మధ్య ఎక్కడానికి మెట్టు లేదు. రోజూ దూడను మోస్తూ అది ఎద్దయ్యేదాకా మోశాడని గ్రీకులు చెప్పుకునే మైలో కథలోని కిటుకు ఆ మెట్లే. 1902లో ఫిలడెల్ఫియాలో ఆలన్ కాల్వర్ట్ బరువు పెంచుకునే వీలున్న బార్‌బెల్‌లు తయారుచేసి అమ్మే కంపెనీ పెట్టి, దానికి మైలో పేరే పెట్టాడు. దూడ చేసిన పని అప్పటినుంచి ఇనుము చేసింది.

మెట్లు దొరికాక వాటిని ఎలా ఎక్కాలన్న ప్రశ్న వచ్చింది. దానికి శాస్త్రీయమైన తొలి జవాబుల్లో ఒకటి ఆస్పత్రి నుంచి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల కాళ్లకు సత్తువ తేవడానికి అమెరికన్ వైద్యుడు థామస్ డిలార్మ్ బరువులు ఎత్తించి, ఆ ఫలితాలను 1945లో ప్రచురించాడు. 1948 నాటికి ఆ పద్ధతి మూడు సెట్లకు కుదిరింది. పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువేదో తేల్చి, మొదటి సెట్టు అందులో సగంతో, రెండోది ముప్పాతికతో, మూడోది పూర్తి బరువుతో చేయించేవారు. 1960లో ఇంగ్లండ్ కండల వీరుడు రెగ్ పార్క్ తన శిక్షణ పుస్తకంలో అయిదు సెట్లు, సెట్టుకు అయిదుసార్లు అన్నాడు. మొదటి రెండూ ఒళ్లు వేడెక్కడానికి, మిగతా మూడూ ఒకే బరువుతో. ఆ మూడింటిలోనూ అయిదేసిసార్లు లేచిన రోజున బరువు కొద్దిగా పెంచాలి. వారానికి మూడు రోజులు స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ వంటి కొన్ని పెద్ద ఎత్తులు చాలు. అయిదు అన్న సంఖ్య ఊరికే రాలేదు. ఒకటి రెండుసార్లే లేచే బరువు నరాలకు మంచి చదువు, కానీ కండకు అందే పని తక్కువ. ఇరవైసార్లు లేచే బరువుతో కండకు పని బాగానే అందుతుంది, పెద్ద బరువు కింద నిలబడే నేర్పు మాత్రం రాదు. అయిదు దగ్గర రెండూ కలుస్తాయి. తేలిక బరువుతో కూడా అలసిపోయేదాకా చేస్తే కండ పెరుగుతుందని ఇటీవలి పరిశోధనలు చూపిస్తున్నాయి. అది తాలింఖానా గురువులను సమర్థించే మాటే, ఒప్పుకోవాలి. కానీ ఎత్తగల గరిష్ఠ బరువు పెరగాలంటే బరువైనదే ఎత్తాలని చెప్పేవీ ఆ పరిశోధనలే.

ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్ ఒడుపుతో గెలిచే ఆట, అక్కడ కండ గొడవ ఎందుకన్నది ఇంకో అభ్యంతరం. దీనికి జవాబు శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి, నీలంశెట్టి అప్పన్న దగ్గర తొలి పాఠాలు నేర్చి, 1994లోనూ 1995లోనూ 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయ్యారు. 1998 ఆసియా క్రీడల్లో 63 కిలోల తరగతిలో రజతం తెచ్చారు. 2000లో సిడ్నీకి వెళ్లింది 69 కిలోల తరగతిలో. ఆరేళ్లలో తరగతి పదిహేను కిలోలు పెరిగింది. ఒడుపు ఒక్కటే చాలేదైతే ఆమె 54లోనే ఉండిపోయేవారు. వయసు, తిండి కూడా ఒంటి బరువు పెంచుతాయి, నిజమే. కానీ కండ కాని బరువుతో ఒలింపిక్ వేదిక మీద రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు లేవవు.

తూకం మరో తలుపు కూడా తీసింది. కుస్తీ గోదాలోకి ఆడపిల్లలకు దారి ఉండేది కాదు. బార్‌బెల్ పోటీలో ఒంటి బరువును బట్టి తరగతులు, ఎత్తిన కిలోలే తీర్పు. ఆడవాళ్ల ప్రపంచ పోటీలు 1987లో మొదలయ్యాయి, ఒలింపిక్స్‌లోకి 2000లో వచ్చాయి. గజపతినగరం పక్కగా పారే చంపావతి దిగువన నెల్లిమర్ల ఉంది. ఆ మండలంలోని కొండవెలగాడ నుంచి వచ్చిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల తరగతిలో మొదట కాంస్యం గెలిచారు. బంగారం గెలిచిన నైజీరియా అమ్మాయి మందుల పరీక్షలో పట్టుబడడంతో అది రజతమైంది. అంబలి తాగి పొలం పనికి పోయే ఇళ్ల నుంచి ఈ ఆటకు పిల్లలు రావడానికి ఉద్యోగంలో క్రీడాకోటా ఒక కారణమని, తూకం గొప్పతనమేమీ లేదని అనేవాళ్లున్నారు. కానీ ఆ కోటా అడిగేదే తూకాన్ని. జనం నోట ఎంత గొప్ప పేరున్నా ఉద్యోగ దరఖాస్తులో అది చెల్లదు. పోటీలో ఎత్తిన కిలోలు, దాని మీద ఇచ్చిన సర్టిఫికెట్ చెల్లుతాయి.

2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో మల్లేశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తారు. చైనాకు చెందిన లిన్ వీనింగ్, హంగరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుస్ ఇద్దరి మొత్తమూ 242.5. అప్పటి నిబంధనల్లో బరువు పెరిగేది రెండున్నర కిలోల చొప్పున. చివరి ప్రయత్నానికి మల్లేశ్వరి మూడు మెట్లు ఒకేసారి దాటి 137.5 పెట్టించుకున్నారు. అది లేస్తే బంగారమే. లేవలేదు. కాంస్యంతో ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయ్యారు. రామ్మూర్తి నాయుడు మోసిన ఏనుగు బరువెంతో ఎవరైనా తూచి రాసిపెట్టినట్టు నాకు తెలియదు. ఊసవానిపేట అమ్మాయికి మొదటి స్థానానికి మధ్య దూరం మాత్రం రెండున్నర కిలోలని రాసి ఉంది.